కియా ఫ్యాక్టరీ పెనుకొండకు ఎందుకు వచ్చింది: ఒక స్థల నిర్ణయం వెనక లెక్కలు

కంపెనీలు సొంత దేశాన్ని వదిలి పరాయి దేశంలో ఫ్యాక్టరీ ఎందుకు పెడతాయని అడిగితే, చదువుకున్నవాళ్లు కూడా తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటే: అక్కడ కూలి చవక. కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలకు కాస్ట్ అకౌంటెంటుగా, కొత్త ఫ్యాక్టరీ ఎక్కడ పెడితే గిట్టుబాటవుతుందో లెక్కలు వేసిపెట్టడం నా వృత్తి. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈ జవాబు బట్టల విషయంలోనూ చెప్పుల విషయంలోనూ చాలావరకు నిజమే గాని, కార్ల విషయంలో మాత్రం అది అసలు కారణాన్ని కప్పేస్తుంది. మన రాష్ట్ర ప్రభుత్వాలు, మన చిన్న పరిశ్రమల యజమానులు ఆ పొరపాటు కారణాన్నే నమ్మి కంపెనీలతో బేరానికి కూర్చోవడం చూస్తున్నాను కాబట్టి, తెలుగువాళ్లందరికీ పేరు తెలిసిన ఒక ఫ్యాక్టరీని తీసుకొని ఆ నిర్ణయాన్ని మొదటినుంచి విప్పి చూపించాలనుకున్నాను. ఆ కంపెనీలో నేను పనిచేయలేదు. ఇక్కడ వాడిన సమాచారం బహిరంగంగా ఉన్నదే. ఉదాహరణగా వేసిన లెక్కలు నావి, వాటిని ఉదాహరణలనే చెప్పాను.

2017 ఏప్రిల్ 27న దక్షిణ కొరియాకు చెందిన కియా కంపెనీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. అనంతపురం జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, 536 ఎకరాల్లో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేయగల ఫ్యాక్టరీ కట్టాలన్నది ఆ ఒప్పందం. 2019 జనవరి చివర్లో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది, డిసెంబరు 5న ఫ్యాక్టరీ లాంఛనంగా ప్రారంభమైంది. పెనుకొండ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

ఈ నిర్ణయం తీసుకునేనాటికి కియాకు సొంత దేశంలో ఫ్యాక్టరీలు లేక కాదు. హ్వాసాంగ్, గ్వాంగ్‌మ్యాంగ్, గ్వాంగ్జులలో ఉన్న పెద్ద ఫ్యాక్టరీల నుంచి ప్యాంగ్‌టేక్ రేవు మీదుగా ఓడలకొద్దీ కార్లు ప్రపంచమంతటికీ వెళ్తూనే ఉన్నాయి. కొరియా జనాభా అయిదు కోట్ల పైచిలుకు, అక్కడ ఏడాదికి అమ్ముడయ్యే వాహనాలు సుమారు 18 లక్షలు, అందులో దాదాపు మూడింట రెండు వంతులు అప్పటికే హ్యుందాయ్, కియాలవే. 1998లో హ్యుందాయ్ కియాను కొనుగోలు చేసినప్పటి నుంచి ఈ రెండూ ఒకే గ్రూపు. అంటే ఇంట్లో పెరగడానికి చోటు లేదు, ఎదగాలంటే బయట అమ్మాలి. బయట అమ్మడమన్నది ఇక్కడ చర్చే కాదు. ఇంట్లో చేసి బయట అమ్మాలా, బయటే చేసి బయటే అమ్మాలా అన్నదే నిర్ణయించుకోవలసిన విషయం.

దానికి జవాబు భారత కస్టమ్స్ పట్టికలోనే ఉంది. 2017లో విదేశంలో పూర్తిగా తయారై మన రేవులో దిగే మామూలు కారుపై మూల దిగుమతి సుంకం 60 శాతం, దానిపై సెస్సు వేరు. ఇంజను, గేరుబాక్సు ముందే బిగించి, మిగతాది విడిభాగాల కిట్టుగా తెస్తే 30 శాతం, వాటిని కూడా విడివిడిగా తెచ్చి ఇక్కడే బిగిస్తే 10 శాతం. ఆ పది శాతాన్ని 2018 బడ్జెట్లో పదిహేను చేశారు. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత్-కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం చాలా విడిభాగాలపై సుంకాన్ని తగ్గించింది గాని, పూర్తిగా తయారైన కార్లకు ఆ ఊరట దక్కలేదు. కారు ఎంత ముక్కలుగా వస్తే సుంకం అంత తక్కువ, ఇక్కడ ఎంత పని జరిగితే ప్రభుత్వం అంత కరుణిస్తుంది. కారు కంపెనీలను దేశంలోకి రప్పించడానికి ఎన్నో ప్రభుత్వాలు దశాబ్దాలుగా నిలబెట్టుకుంటూ వచ్చిన మెట్లు ఇవి.

ఆ మెట్ల ఎత్తు ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. కొరియాలో తయారై, ఓడ ఖర్చుతో కలిపి మన రేవుకు 8 లక్షల రూపాయలకు చేరిన కారు ఒకటి ఉందనుకుందాం. లెక్క తేలికగా ఉండటానికి సుంకంపై పడే సెస్సును పక్కన పెడదాం. 60 శాతం సుంకం 4 లక్షల 80 వేలు, అక్కడికి కారు విలువ 12 లక్షల 80 వేలు. దానిమీద జీఎస్టీ, పరిహార సెస్సు కలిపి అప్పటి 45 శాతం చొప్పున 5 లక్షల 76 వేలు. మొత్తం 18 లక్షల 56 వేలు. అదే కారును అదే 8 లక్షల ఖర్చుతో ఇక్కడే తయారుచేస్తే దానిమీద పన్ను 3 లక్షల 60 వేలు, మొత్తం 11 లక్షల 60 వేలు. తేడా సుమారు 7 లక్షలు. సుంకం 4 లక్షల 80 వేలే అయినా, సుంకం మీద మళ్లీ పన్ను పడుతుంది కాబట్టి కొనేవాడి దగ్గరకు వచ్చేసరికి అది ఏడు లక్షలవుతుంది. సెల్టోస్ మొదటి ధర 9 లక్షల 69 వేల నుంచి మొదలైందని గుర్తుంచుకుంటే, దిగుమతి చేసుకొని ఆ ధరకు అమ్మడమన్నది ఊహకు కూడా అందని విషయమని తెలుస్తుంది.

ఇప్పుడు కూలి సంగతి చూద్దాం. 2016లో కొరియా అయిదు కార్ల కంపెనీల లెక్కల ప్రకారం ఉద్యోగుల జీతభత్యాలు అమ్మకాల విలువలో 12 శాతం చిల్లర. ప్రపంచంలోని పెద్ద కార్ల కంపెనీల్లో అది ఎక్కువ నిష్పత్తే, అక్కడి యాజమాన్యాలు దాని గురించి గట్టిగా ఫిర్యాదు చేసేవి కూడా. అదే నిష్పత్తిని మన 8 లక్షల కారుకు పట్టిస్తే 96 వేల రూపాయలు. పెనుకొండలో మనుషులు ఒక్క రూపాయి జీతం తీసుకోకుండా పనిచేసినా కంపెనీకి మిగిలేది ఆ 96 వేలే, సుంకం రూపంలో తప్పేది 4 లక్షల 80 వేలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూశాక చవక కూలి కోసమే వచ్చారని చెప్పడం కష్టం. విడిభాగాలు చేసే కంపెనీల్లోనూ కూలి ఉంటుంది, అది కారు కంపెనీ ఖాతాలో జీతంగా కాక సరుకు ధరగా కనిపిస్తుంది కాబట్టి కూలి అసలు వాటా ఈ 12 శాతం కంటే ఎక్కువే. దాన్ని రెట్టింపు చేసి చూసినా వాదన నిలుస్తుంది.

కొరియా కార్మిక సంఘాల గొడవ వల్లే కంపెనీ బయటికి పారిపోయిందనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. వేతన బకాయిల కేసులో కియా దాదాపు 42 వేల కోట్ల వాన్లు చెల్లించాలని సోల్ కోర్టు తీర్పు ఇచ్చింది 2017 ఆగస్టు చివర్లో, అంటే పెనుకొండ ఒప్పందం జరిగిన నాలుగు నెలల తర్వాత. తర్వాత వచ్చిన తీర్పు ముందటి నిర్ణయానికి కారణం కాలేదు. అయితే ఉన్న ఫ్యాక్టరీలో ఒక మోడల్ లైను మార్చాలన్నా సంఘంతో ముందుగా మాట్లాడుకోవలసిన పరిస్థితి, ఖాళీ భూమిలో కొత్తగా మొదలుపెట్టడానికి మొగ్గును పెంచుతుందనేది నిజమే. దాన్ని నేను ఊతమిచ్చిన కారణంగా చూస్తాను గాని, మూల కారణంగా చూడను.

సుంకం కంటే తక్కువగా చర్చకు వచ్చేది, నా దృష్టిలో దాదాపు అంత బరువున్నది మరొకటి ఉంది: మన పన్ను నియమాలు కారు ఆకారాన్నే నిర్ణయిస్తాయి. పెట్రోలు ఇంజను 1200 సీసీ లోపు, లేదా డీజిలు ఇంజను 1500 సీసీ లోపు ఉండి, కారు పొడవు నాలుగు మీటర్లు దాటకపోతే 2025 సెప్టెంబరు దాకా ఉన్న జీఎస్టీ తొలి విధానంలో మొత్తం పన్ను 29 నుంచి 31 శాతం ఉండేది. అవి దాటితే 45 శాతం, ఇంకా పెద్ద ఇంజనున్న ఎస్‌యూవీలకు 50 శాతం. కియా 2020లో తెచ్చిన సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు తక్కువ, అంటే బంపరును గీసిన ఇంజనీరు పక్కన పన్ను పట్టిక పెట్టుకొని కూర్చున్నాడన్నమాట. కొరియాలో సెల్టోస్‌ను 1600 సీసీ ఇంజన్లతో అమ్మారు, ఇక్కడ అమ్మిన సెల్టోస్ ఇంజన్లన్నీ 1500 సీసీ లోపే. ఇలా మార్కెట్ కోసం ప్రత్యేకంగా చేసే కారుకు సొంత దేశంలో కొనేవాడు ఉండడు. ఇంట్లో అమ్ముడుపోని మోడలుకు ఇంట్లో అచ్చులు, డైలు పోయించి, లైను వేసి, ఓడెక్కించి పంపడంలో అర్థం లేదు.

సుంకం గోడ దిగుమతులనుంచి కాపాడుతుంది గాని, గోడకు లోపల ఉన్న పోటీదారులనుంచి కాపాడదు. ఈ తేడా పట్టించుకోని కంపెనీలు నష్టపోయాయి. 110 కోట్ల డాలర్లంటే అప్పటి మారకం విలువలో సుమారు 7 వేల కోట్ల రూపాయలు. దాన్ని పదేళ్లకు పంచితే ఏడాదికి 700 కోట్లు. మూడు లక్షల కార్లు చేస్తే ఒక్కో కారుమీద పడేది 23 వేల రూపాయల చిల్లర, అరవై వేల కార్లే చేస్తే లక్షా 16 వేలు దాటుతుంది. దిగుమతితో పోలిస్తే అప్పటికీ లాభమే, కాని అదే గోడ లోపల లక్షలకొద్దీ కార్లు చేస్తున్న మారుతి, హ్యుందాయ్‌ల పక్కన ఆ కారు అమ్ముడుపోదు. కియా ఒప్పందం జరిగి నెల తిరగకముందే, 2017 మే నెలలో, జనరల్ మోటార్స్ భారత మార్కెట్లో అమ్మకాలు ఆపేస్తామని ప్రకటించింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ కూడా, పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టాలు పేరుకున్నాయని చెప్పి, సనంద్, చెన్నై ఫ్యాక్టరీలలో కార్ల తయారీకి స్వస్తి పలికింది. అదే దేశం, అవే సుంకాలు, అదే కూలి. తేడా అంతా ఏడాదికి ఎన్ని కార్లు లైను దాటి బయటికి వస్తాయన్న దగ్గర ఉంది. కియా 2022లో ఒక్క భారత్‌లోనే రెండున్నర లక్షలకు పైగా కార్లు అమ్మింది, ఎగుమతులు అదనం. 2023 జూలైలో పెనుకొండ ఫ్యాక్టరీ పది లక్షల కార్ల మైలురాయి దాటింది.

2017 అన్న సంవత్సరానికి మరో ప్రాముఖ్యం ఉంది. కొరియా తన నేలపై అమెరికా థాడ్ క్షిపణి రక్షణ వ్యవస్థను పెట్టడానికి ఒప్పుకున్నందుకు చైనాలో కొరియా సరుకులపై వ్యతిరేకత రేగి, అంతకుముందు ఏడాది ఆరున్నర లక్షల దాకా ఉన్న కియా చైనా అమ్మకాలు దాదాపు సగానికి పడిపోయాయి. భారత్‌లో ఫ్యాక్టరీ ఆలోచన అంతకుముందే మొదలైంది గనుక ఇది దానికి పుట్టుక కారణం కాదు. కాని ఒకే పెద్ద దేశం మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో బోర్డు సభ్యులకు ఆ ఏడాది తెలిసినంతగా మరెప్పుడూ తెలిసి ఉండదు. మన లెక్కల షీటులో ఇలాంటి ముప్పుకు ఒక గడి ఉండదు, ఉండాలని నేను పనిచేసే కంపెనీలకు పదేపదే చెబుతుంటాను.

కూలి, భూమి, రాయితీలు లెక్కలోకి వచ్చేది ఈ దశలోనే. దేశాన్ని మార్కెట్, సుంకం నిర్ణయించాక, ఆ దేశంలో ఏ జిల్లా అన్నదాన్ని ఇవి తేలుస్తాయి. కియాకు ఉన్న అతి పెద్ద ఆస్తి పెనుకొండలో లేదు, తమిళనాడులో శ్రీపెరుంబుదూరు దగ్గర ఉంది. 1996లో అక్కడ అడుగుపెట్టిన హ్యుందాయ్ రెండు దశాబ్దాల్లో తనతోపాటు కొరియా విడిభాగాల కంపెనీలను ఎన్నింటినో తెచ్చి నాటింది. ఇంజన్లు, గేరుబాక్సులు కియాకు హ్యుందాయ్ భారత కంపెనీ సరఫరా చేస్తుంది. కాబట్టి కొత్త ఫ్యాక్టరీ చెన్నైకి లారీ దూరంలో ఉండాలి, కాని కార్మికుల కోసం, భూమి కోసం హ్యుందాయ్‌తో పోటీపడేంత దగ్గరగా ఉండకూడదు. పెనుకొండ ఈ కొలతకు సరిపోయింది. బెంగళూరు సుమారు 140 కిలోమీటర్లు, విమానాశ్రయం ఇంకా దగ్గర, రహదారి గేటు ముందే ఉంది.

అసెంబ్లీ లైను పక్కన నిలబడి చూసినవాళ్లకు విడిభాగాలు సరఫరా చేసే వెండర్ల సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. సీట్లు గోదాములో నిల్వ ఉంచరు. లైనుమీద ఏ రంగు, ఏ రకం కారు ఏ వరసలో వస్తుందో అదే వరసలో సీట్లు సర్దుకొని లారీ వచ్చి నిలుస్తుంది. వరస తప్పితే లైను ఆగుతుంది. బంపరు బరువు తక్కువ, అది ఆక్రమించే చోటు ఎక్కువ, కాబట్టి ఓడకైనా లారీకైనా దాని బాడుగ దాని ధరను మింగేస్తుంది. ఇలాంటి భాగాలు చేసేవాళ్లు ఫ్యాక్టరీ వెంటే రావాలి. వచ్చారు కూడా: హ్యుందాయ్ మోబిస్, సంగ్‌వూ హైటెక్ వంటి కొరియా కంపెనీలు పెనుకొండ చుట్టుపక్కలే యూనిట్లు పెట్టాయి. దానికి భిన్నంగా చిన్న చిప్పు, సెన్సరు లాంటివి జేబులో పట్టేంత చోటులో లక్షల విలువ మోస్తాయి గనుక అవి ఏ దేశం నుంచైనా రావచ్చు. ఒక భాగాన్ని స్థానికంగా చేయించాలా, దిగుమతి చేసుకోవాలా అని అడిగినప్పుడు నేను మొదట చూసేది దాని ధరను అది ఆక్రమించే చోటుతో భాగిస్తే ఎంత వస్తుందన్నది. కూలి ఖర్చు ఆ తర్వాతి ప్రశ్న.

ప్రభుత్వం ఇచ్చినవాటిలో అందరూ మాట్లాడేది భూమి గురించి, పన్ను వాపసు గురించి. నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించేది నీరు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. పెయింట్ షాపు, అంటే కార్లకు రంగు వేసే విభాగం, ఉన్న ఏ కార్ల ఫ్యాక్టరీకైనా నిరంతరం నీరు కావాలి, బాడీని కడగడం, రసాయనపు తొట్టెల్లో ముంచడం, మళ్లీ కడగడం అన్నీ నీటితోనే. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీరు పెనుకొండ పక్కనున్న గొల్లపల్లి రిజర్వాయరుకు చేరకపోయి ఉంటే, ఎన్ని రాయితీలు ప్రకటించినా ఈ ఫ్యాక్టరీ అక్కడికి వచ్చేది కాదని నా గట్టి అభిప్రాయం. దశాబ్దాలపాటు కరువు సీమ రైతు కోసం జరిగిన పోరాటాల ఫలితం ఆ కాలువ. ఫ్యాక్టరీకి ఇచ్చే ప్రతి చుక్కను ఆ చరిత్ర ముందు పెట్టి చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిదని కూడా అదే గట్టిగా చెబుతాను.

పన్ను వాపసు గురించి ఒక సాంకేతిక విషయం చెప్పాలి. అమ్మకపు పన్ను రోజుల్లో ఫ్యాక్టరీ ఉన్న రాష్ట్రం తనకు వచ్చిన పన్నులో కొంత తిరిగి ఇచ్చేది. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చాక పన్ను సరుకు వాడకమయ్యే రాష్ట్రానికి చేరుతుంది. పెనుకొండలో తయారై ఢిల్లీలో అమ్ముడైన కారుమీద ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జీఎస్టీ రాదు. కాబట్టి వాపసు లెక్కను ఎలా రాసుకున్నారన్నది, అంటే రాష్ట్రంలో జరిగిన అమ్మకాలమీదనా, మొత్తం ఉత్పత్తిమీదనా అన్నది, ఒప్పందంలో అన్నింటికంటే విలువైన వాక్యమవుతుంది. కొత్త ఒప్పందాలు రాసే అధికారులు ఆ ఒక్క వాక్యం మీద పెట్టే సమయం ఎకరం ధర మీద పెట్టే సమయం కంటే ఎక్కువ ఉండాలి.

ఈ విశ్లేషణ ఒక్క భారత్‌కే పనికొస్తుందా అన్న సందేహం న్యాయమైనదే. కియా మిగతా ఫ్యాక్టరీల్లో కారణాల పాళ్లు మారుతాయి. స్లొవేకియాలోని జిలినాలో 2006 చివర్లో ఉత్పత్తి మొదలైనప్పుడు యూరప్ కార్ల సుంకం 10 శాతం, అక్కడ పశ్చిమ యూరప్‌తో పోలిస్తే తక్కువ కూలి నిజంగానే బరువు తూగింది. అమెరికాలోని జార్జియా రాష్ట్రం వెస్ట్ పాయింటులో 2009లో మొదలుపెట్టినప్పుడు కార్లపై సుంకం రెండున్నర శాతమే, కూలి చవకా కాదు. అక్కడ డాలర్లలో అమ్మే కారును డాలర్ల ఖర్చుతోనే చేస్తే వాన్ విలువ పెరిగినా తగ్గినా లాభం కొట్టుకుపోదన్నది ఒక కారణం, రాజకీయాలు ఎప్పుడైనా కొత్త గోడ కట్టవచ్చన్న ముందుచూపు మరొకటి. 1981లో జపాన్ కార్ల దిగుమతిపై ఏడాదికి 16 లక్షల 80 వేల పరిమితి వచ్చాక, 1982లో హోండా ఒహాయోలోని మేరీస్‌విల్‌లో కార్ల తయారీ మొదలుపెట్టిన నాటినుంచి ఆసియా కంపెనీలన్నిటికీ ఈ పాఠం తెలుసు. 2025లో అమెరికా కొరియా కార్లపై 25 శాతం సుంకం వేసి, తర్వాత ఒప్పందంతో 15కు దించినప్పుడు ఆ ముందుచూపు విలువ ఎంతో తేలింది.

ఇంటిని ఖాళీ చేసి బయటికి వచ్చారనుకోవడం కూడా సరికాదు. 2023 ఏప్రిల్లో కియా హ్వాసాంగ్‌లో విద్యుత్ వాహనాల కోసం కొత్త ఫ్యాక్టరీకి పునాది వేసింది. కొరియాలో ఆ కంపెనీ కొత్త ఫ్యాక్టరీ కట్టడం దాదాపు పాతికేళ్ల తర్వాత అదే మొదలు. గ్వాంగ్‌మ్యాంగ్‌లో ఉన్నదాన్ని కూడా విద్యుత్ కార్ల కోసం మార్చారు. కొత్త సాంకేతికత ఇంకా రూపు దిద్దుకుంటున్నప్పుడు దాన్ని రూపొందించిన ఇంజనీర్లకు నడక దూరంలో ఫ్యాక్టరీ ఉండటానికి ఒక విలువ ఉంది. పద్ధతి స్థిరపడి, సంఖ్య పెరిగాక ఆ విలువ తగ్గుతూ వస్తుంది.

ఈ కేసులో నాకు అన్నింటికంటే నచ్చిన ఆధారం ఒకే కంపెనీ ఒకే దేశంలో తీసుకున్న భిన్నమైన నిర్ణయాలు. 2022లో ఈవీ6 విద్యుత్ కారును కొరియాలో పూర్తిగా తయారుచేసి, దాదాపు 60 లక్షల ధరకు ఇక్కడ అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్లు వందల్లో ఉంటారు గనుక సుంకం కట్టడమే లైను వేయడం కంటే చవక. 2020లో కార్నివాల్‌ను కిట్టుగా తెచ్చి పెనుకొండలో బిగించారు. అది వేలల్లో అమ్ముడయ్యే కారు కాబట్టి మధ్య మెట్టు సరిపోయింది. సెల్టోస్, సోనెట్‌లు లక్షల్లో అమ్ముడవుతాయి కాబట్టి వాటి రేకును ఇక్కడే ప్రెస్సులో కొట్టి, వెల్డింగు చేసి, రంగు వేసి చేస్తున్నారు. 2025 జూలైలో కారెన్స్ క్లావిస్ విద్యుత్ కారును 17 లక్షల 99 వేల ప్రారంభ ధరకు పెనుకొండలోనే తయారుచేసి అమ్మడం మొదలుపెట్టడంతో, మూడేళ్ల కిందట ఓడలో వచ్చిన సాంకేతికత ఈ లైనుమీదకు చేరింది. విడిభాగాల కంపెనీ పెట్టాలని నా దగ్గరకు వచ్చే అనంతపురం, హిందూపురం కుర్రవాళ్లకు నేను ముందుగా చూపిస్తున్నది ఈ క్లావిస్ విద్యుత్ కారునే: అందులో బ్యాటరీ చుట్టూ ఉండే పెట్టె, తీగల కట్ట, చల్లబరిచే గొట్టాల వంటి చోటు తినే భాగాలు ఏవి, వాటిలో ఇంకా కంటైనర్లో వస్తున్నవి ఏవో ముందు తెలుసుకొని రమ్మంటున్నాను.